ఎంసీబీ, ఆర్‌సీసీబీల ఎంపిక

ఎంసీబీ అనేది ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో వైరింగ్‌ను కాపాడే స్విచ్చు. ఫ్యూజు స్థానంలో వచ్చిన ఇందులో రెండు ఏర్పాట్లుంటాయి: లోడు పెరిగితే వేడికి వంగే ద్విలోహ పట్టీ, షార్ట్ సర్క్యూట్ అయితే క్షణంలో పనిచేసే అయస్కాంత చుట్ట. దీని సామర్థ్యం వైరు మోయగల కరెంటును దాటకూడదు. లైట్లు, ఫ్యాన్లకు వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 6 లేదా 10 ఆంపియర్లు, 2.5 వైరుకు 16, ఏసీకి వేసే 4 వైరుకు 20 వాడటం పరిపాటి. మాటిమాటికీ పడిపోతోందని పెద్ద ఎంసీబీ బిగించడం, ఫ్యూజులో లావు తీగ చుట్టే పాత అలవాటుకు కొత్త రూపమే. కాలేది గోడలోని వైరు.

ఎంసీబీల్లో బి రకం తన సామర్థ్యానికి 3–5 రెట్ల కరెంటుకు, సి రకం 5–10 రెట్లకు తక్షణం తెగుతుంది. ఏసీ, నీళ్ల మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి గనుక వాటికి సి నప్పుతుంది. గీజరుకు బి చాలు.

మనిషికి షాక్ కొడితే ఎంసీబీ కదలదు. ప్రాణం తీసే కరెంటు దాని లెక్కలో అత్యల్పం. షాక్ నుంచి కాపాడే పని ఆర్‌సీసీబీది. ఫేజు, న్యూట్రల్ కరెంట్ల తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికి సరఫరా ఆపేస్తుంది. ఓవర్‌లోడును మాత్రం పట్టించుకోదు, అందుకే ఎంసీబీతో కలిపే బిగిస్తారు. వేరే సర్క్యూట్ న్యూట్రల్ ఆర్‌సీసీబీ న్యూట్రల్‌తో కలిసిపోతే, లోపమేదీ లేకున్నా పడిపోతుంటుంది.