మన పేరు పెట్టిన పుండు

మన పిల్లల కాళ్లమీద లేచిన ఒక పుండుకి మన పేరే పెట్టారు. వైద్య పుస్తకాల్లో ఆ జబ్బు అసలు పేరు యాస్. మన దేశంలో దాన్ని ఏమని పిలిచేవాళ్లో చెప్పే చోట మాత్రం కోయ రోగం, గోండి రోగం, మాడియా రోగం అని రాసి ఉంటుంది. ఆ పేర్లు చదివినవాళ్లకి ఏమనిపిస్తుంది? ఈ జబ్బు కోయవాళ్ల రక్తంలో పుట్టిందేమో, గోండుల అలవాట్లలోంచి వచ్చిందేమో అనిపిస్తుంది. పుండు పేరు కాస్తా మనుషుల మీద ముద్ర అయిపోతుంది.

ఈ జబ్బు ఇప్పుడు మన దేశంలో లేదు. పాతికేళ్ల లోపు వాళ్లు దీన్ని చూసి ఉండరు, పేరు కూడా విని ఉండరు. అయినా దీని చరిత్ర మన బడుల్లో చెప్పుకోవాలని మేము అనుకుంటున్నాం. మన చరిత్ర అనగానే తిరుగుబాట్లు, భూమి, అడవి చట్టాలు గుర్తొస్తాయి. అవి చెప్పుకోవాల్సిందే. పుండు పట్టిన పిల్లని ఒళ్లో పెట్టుకుని ఈగలు తోలుతూ కూర్చున్న తల్లుల చరిత్ర మాత్రం ఎక్కడా రాసి లేదు.

జబ్బు సంగతి ముందు చెప్పుకుందాం. యాస్ ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దాన్ని 1905లో సిలోన్‌లో అల్డో కాస్టెల్లాని అనే ఇటలీ వైద్యుడు గుర్తించాడు. అది సన్నగా మెలి తిరిగిన దారంలా ఉంటుంది. పుండులోంచి కారే రసి మరో పిల్లాడి ఒంటిమీద గీరుకుపోయిన చోట తగిలితే చాలు, అంటుకుంటుంది. అందుకే ఎక్కువగా పదిహేనేళ్లలోపు పిల్లలకే వచ్చేది. చెప్పుల్లేకుండా ముళ్లల్లో, రాళ్లల్లో తిరిగే పిల్లల కాళ్లకి గీరలు లేని రోజు ఉండదు కదా. మూడు వారాలకి అటూ ఇటూగా అంటుకున్న చోట ఒక బొడిపె లేచేది. పైన ఎర్రగా, పసుపు పక్కు కట్టి, పండులా గరుకుగా ఉండేది. దీన్ని వైద్యులు తల్లి పుండు అంటారు. కొన్ని నెలలకి దానంతట అదే మానిపోయేది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేవాళ్లు. తర్వాత ఒళ్లంతా పిల్ల పుళ్లు లేచేవి. అరికాళ్లు మందంగా అయి పగిలి, కాలు నేలమీద ఆనించలేక పిల్లలు పక్కపక్కకి నడిచేవాళ్లు. వైద్యం అందని పది మందిలో సుమారు ఒకరికి ఏళ్లు గడిచాక ఎముకలు వంగిపోవడం, ముక్కు కూలిపోవడం దాకా వెళ్లేది. ప్రాణం తీసే జబ్బు కాదు. మనిషిని వికారం చేసి వదిలే జబ్బు.

ఇక్కడ ఇంకో అవమానం కూడా ఉంది. యాస్ బ్యాక్టీరియా, సిఫిలిస్ అనే సుఖరోగం బ్యాక్టీరియా దగ్గర చుట్టాలు. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మామూలు రక్తపరీక్షలో రెండింటికీ ఒకే ఫలితం వస్తుంది. అంటే పరీక్ష కాగితం ఒక్కటే చూసేవాడికి, ఆడుకుంటూ అంటించుకున్న ఎనిమిదేళ్ల పిల్లవాడి పుండుకీ సుఖరోగానికీ తేడా తెలియదు. యాస్ లైంగిక సంబంధం వల్ల రాదు, తల్లి కడుపులోంచీ రాదు. ఈ మాట టీచర్లు పిల్లలకి స్పష్టంగా చెప్పాలి. గిరిజనుల నీతి గురించి తేలిగ్గా మాట్లాడే అలవాటు మైదానాల్లో ఇంకా పోలేదు.

జబ్బుకి పొరుగువాడి పేరు పెట్టడం లోకమంతా ఉన్నదే. సిలోన్‌లో ఇదే యాస్‌ని పరంగి అనేవాళ్లు, అంటే పరదేశీయులు తెచ్చినదని. మన ఆయుర్వేదంలో భావప్రకాశం సిఫిలిస్‌ని ఫిరంగ రోగం అంది. తేడా ఒక్కటే. ఫిరంగివాడి దగ్గర తుపాకీ ఉంది, ఓడ ఉంది. ఆ పేరు వల్ల అతనికి పోయిందేమీ లేదు. మనకి పోయింది. రోగం కోయవాళ్లది అనుకున్నాక, దాన్ని పోగొట్టడం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. మా పొలానికి నీళ్లు రాకపోతే అది కాలువ తప్పు అంటారు, మా పిల్లలకి పుండు వస్తే అది మా తప్పు అంటారు!

ఇంట్లో ఏం చేసేవాళ్లు? మన అవ్వలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. వేపాకు వేసి కాచిన నీళ్లతో పుండు కడిగేవాళ్లు. పసుపు అద్దేవాళ్లు. కానుగ నూనో ఇప్ప నూనో రాసి, పాతగుడ్డ చుట్టేవాళ్లు. మందులిచ్చే పెద్దలు అడవిలోంచి బెరడు, వేరు తెచ్చి నూరి పెట్టేవాళ్లు. వీటిని ఈ రోజు వెక్కిరించడం తేలిక. కడిగిన పుండుమీద ఈగలు తక్కువ వాలతాయి, చుట్టిన పుండు పక్క పిల్లకి తక్కువ తగులుతుంది. ఆ మేరకు అవ్వల పని మంచి పనే. కాని యాస్ బ్యాక్టీరియా చర్మం కింద, ఎముక దాకా దిగుతుంది. అక్కడికి పసుపు చేరదు. తల్లి పుండు దానంతట అది మానే జబ్బు కావడంతో, రాసిన మందు వల్లే మానిందని నమ్మకం కుదిరేది. మందుమీద నమ్మకం పెరిగిన కొద్దీ జబ్బు లోపల పెరిగేది. ఇందులో అవ్వల తప్పు ఏమీ లేదు. అప్పటికి వాళ్ల చేతిలో అంతకన్నా మందు లేదు.

పట్నం ఆస్పత్రుల్లోనూ మొదట్లో పెద్ద మందేమీ లేదు. ఆర్సెనిక్, బిస్మత్ కలిసిన సూదులు వాడేవాళ్లు. అవి మళ్లీ మళ్లీ వేయించుకోవాలి. రెండు కొండలు దిగి, వాగు దాటి వెళ్లేవాళ్లకి మళ్లీ మళ్లీ అంటే కుదిరే పనా? 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ని కనుక్కున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అది సైనికులకి విరివిగా అందింది. ఒంట్లో చాలా రోజులు నిలిచే పెన్సిలిన్ తయారయ్యాక యాస్ కథ మారిపోయింది. ఒక్క సూది చాలు. కొన్ని రోజుల్లో పుండు ఎండిపోయేది. ఏళ్లతరబడి పోనిది ఒక్క సూదితో పోవడం చూసినవాళ్లకి అది ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించండి.

1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి పెద్ద ఎత్తున యాస్ నిర్మూలన మొదలుపెట్టాయి. 1964 వరకు 46 దేశాల్లో సుమారు 30 కోట్ల మందిని పరీక్షించి, 5 కోట్ల మందికి వైద్యం చేశారు. జబ్బు 95 శాతం తగ్గిపోయింది. మన దేశంలోనూ ఆ పని 1952లోనే మొదలైంది. అప్పట్లో మన ప్రాంతం ఎలా చీలి ఉందో గుర్తు చేసుకోవాలి. భద్రాచలం, రంపచోడవరం, పాడేరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆదిలాబాద్, ఏటూరునాగారం హైదరాబాద్ రాష్ట్రంలో. కొరాపుట్ ఒరిస్సాలో, బస్తర్ మధ్యప్రదేశ్‌లో. ఒకే కోయ ఇంటిపేరు వాళ్లు శబరికి ఈవలా ఆవలా వేరువేరు సర్కార్ల కింద ఉన్నారు. పెళ్లికి, పండక్కి మనుషులు నది దాటుతూనే ఉంటారు. వాళ్లతో పాటు పుండూ దాటుతుంది. సర్కారు లెక్కలు మాత్రం రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోతాయి.

ఆ కార్యక్రమంలో ఒక తెలివైన సూత్రం ఉంది. ఊళ్లో పదిమందిలో ఒకరికి మించి జబ్బు ఉంటే, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఊరంతటికీ సూది వేయాలి. అంతకన్నా తక్కువ ఉంటే పిల్లలకీ, రోగితో కలిసి మెలిసి ఉండేవాళ్లకీ వేయాలి. పైకి కనపడకుండా లోపల దాగి ఉన్న జబ్బు కూడా పోవాలంటే అదే దారి. కాని 95 శాతం తగ్గాక అందరూ పని అయిపోయిందనుకున్నారు. ప్రత్యేక బృందాలు ఇళ్లకి పోయాయి. మిగతా పని అక్కడి మామూలు ఆస్పత్రులకి అప్పజెప్పారు. అక్కడ ఆస్పత్రి ఉంటే కదా! మిగిలిన ఐదు శాతం ఎక్కడుంది? రోడ్డు ఆగిన చోటు దాటాక ఉంది. మనం ఉన్న చోటే ఉంది. డెబ్బైల నాటికి చాలా దేశాల్లో జబ్బు మళ్లీ తలెత్తింది.

మన దేశంలో మళ్లీ కదలిక వచ్చింది 1996లో. కొరాపుట్ జిల్లాలో మొదలుపెట్టి, తర్వాత ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలకి విస్తరించారు. ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ దీన్ని నడిపింది. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి పిల్లల కాళ్లు, చేతులు చూశారు. పుండు కనపడితే ఆ పిల్లకీ, ఆ పిల్లతో కలిసి ఉండేవాళ్లందరికీ బెంజాథిన్ పెన్సిలిన్ వేశారు. పదేళ్లలోపు పిల్లలకి 6 లక్షల యూనిట్లు, పెద్దలకి 12 లక్షలు, ఒక్కసారే. 1996లో 3,500కి పైగా ఉన్న కేసులు 2003 నాటికి 46కి దిగాయి. 2004లో ఒక్కటీ లేదు. 2006 సెప్టెంబరులో దేశంలో యాస్ పోయిందని కేంద్రం ప్రకటించింది. ఆ తర్వాత ఐదేళ్లలోపు పిల్లల రక్తం పరీక్షించి, కొత్తగా ఎవరికీ అంటలేదని తేల్చుకున్నారు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది.

ఆ సభల్లో చాలామందిని పొగిడారు. పొగడదగిన పనే. మేము మాత్రం ఒక లెక్క వేసుకుంటున్నాం. 1952 నుంచి 2003 దాకా 51 ఏళ్లు. మందు ఉంది, చవకైన మందు, ఒక్క సూది. అది కొండ చివరి ఇంటిదాకా రావడానికి రెండు తరాలు పట్టింది. ఆ పని మళ్లీ మొదలుపెట్టిన ఏడెనిమిదేళ్లలోనే జబ్బు పోయింది. మనం కొండ దిగలేదు, అలవాట్లు మార్చుకోలేదు, దేవతలని మార్చుకోలేదు. కోయవాళ్లు కోయవాళ్లుగానే ఉన్నారు. కోయ రోగం పోయింది. మరి అది ఎవరి రోగం?

ఈ ప్రశ్న పాతబడలేదు. ఈ రోజు ఆశ్రమ పాఠశాలలో వానాకాలం ఒక గదిలోకి వెళ్లి చూడండి. మూతి చుట్టూ, ముక్కు కింద, మోకాళ్లమీద చీము పొక్కులు ఉన్న పిల్లలు కనిపిస్తారు. పొక్కు పగిలి తేనె రంగు పక్కు కడుతుంది. ఇది యాస్ కాదు. డాక్టర్లు ఇంపెటిగో అంటారు. వేరే బ్యాక్టీరియా, దోమకాటు దగ్గరో గజ్జి గోకిన చోటో దూరుతుంది. ఒక తువ్వాలు నలుగురు వాడితే నలుగురికీ వస్తుంది. దీన్ని చూసి “మీ వాళ్లకి శుభ్రం లేదు” అనే మాట పాత పేరుకి కొత్త రూపమే. నలభైమందికి రెండు కుళాయిలు ఉంటే శుభ్రం ఎక్కడినుంచి వస్తుంది? పట్నంలో ప్లే స్కూలుకి వెళ్లే పిల్లలకీ ఇదే వస్తుంది. దాన్ని ఎవరూ ఏ కులం పేరుతోనూ పిలవరు.

ఇంటి దగ్గర చేయగలిగింది ఇప్పుడు కూడా చాలా ఉంది. అవ్వలు చేసిన కడగడం, కప్పడం ఈ జబ్బుకి బాగా పనికొస్తాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డని పక్కుమీద కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు సబ్బుతో మెల్లగా కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టి, పలచని గుడ్డ కట్టాలి. పక్కు గిల్లి పీకకూడదు. పిల్ల గోళ్లు కత్తిరించాలి, కడిగినవాళ్లు కూడా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ పిల్ల తువ్వాలు, దుప్పటి వేరుగా ఉంచి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. అవ్వలకి లేనిది, మనకి ఉన్నది ఒకటుంది. ఆశా కార్యకర్త ఉంది, సబ్ సెంటరు ఉంది. పొక్కులు ఒకటి రెండైతే పూత మందు, ఎక్కువైతే నోటిమందు ఇస్తారు. మొదలుపెట్టిన ఒక రోజు తర్వాత అంటే గుణం బాగా తగ్గుతుంది. అందాకా బడికి పంపకుండా ఉంటే మంచిది. పుండు ఎండింది కదా అని మందు మధ్యలో ఆపితే మళ్లీ వస్తుంది.

ఇంట్లో మళ్లీ మళ్లీ వస్తోందంటే గజ్జి ఉందేమో చూడాలి. ఉంటే ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలి. యాస్‌కి ఊరంతా సూది వేసిన లెక్క ఇదే. హాస్టల్లో అయితే గదంతా, వార్డెన్ ఒక్క రోజు పెట్టుకుని చేయించాలి. సంతలో, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. అవి వద్దు.

జ్వరం వచ్చినా, పుండు చుట్టూ ఎరుపు, వాపు పాకినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంకో సంగతి టీచర్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. పుళ్లు మానిన కొన్ని వారాలకి కొంతమంది పిల్లలకి పొద్దున్నే ముఖం, కళ్లు ఉబ్బుతాయి, మూత్రం తక్కువగా, టీ డికాషన్ రంగులో వస్తుంది. అది మూత్రపిండాలకి వాపు వచ్చిన గుర్తు. అలాంటి పిల్లని ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చాలి. ఆ పిల్లకి నెల కిందట కాళ్లమీద పుళ్లు ఉన్నాయని డాక్టరుకి చెప్పగలిగేది, రోజూ ఆ పిల్లని చూసే టీచరు, పక్కన పడుకునే స్నేహితురాలు, లేదా కట్టు కట్టిన తల్లి.