అమరని కార్డు, కనిపించని లిపి: తొలితరం పర్సనల్ కంప్యూటర్లలో తెలుగు పత్రాలు

ఉపోద్ఘాతం

1980ల చివరలో పర్సనల్ కంప్యూటరు తెరపై తెలుగు కనిపించడానికి ఒక ప్రధాన మార్గం, యంత్రం పెట్టె విప్పి స్లాటులో అమర్చే అదనపు కార్డు. అందుచేత కార్డు అమరికలోని పొరపాటును కేవలం మరమ్మతు సమస్యగా చూడలేము. ఆనాటి పత్రాలు నేడు చదవదగినవా, కావా అన్న ప్రశ్నతో దానికి నేరుగా సంబంధం ఉంది.

అమరికలోని పొరపాట్లు

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఐదు స్లాట్లు, ఒక్కొక్కదానిలో 62 కాంటాక్టులు ఉండేవి. చాలా కార్డులకు పోర్టు చిరునామాను, ఇంటరప్టు సంఖ్యను చిన్న జంపర్ల వంటి వాటి ద్వారా చేతితోనే నిర్ణయించాలి. రెండు కార్డులకు ఒకే సంఖ్య పడితే ఒకటి గాని, రెండూ గాని పనిచేయవు. ఫ్లాపీ కేబులును తలకిందులుగా తగిలిస్తే డ్రైవు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ఏటీ తరహా యంత్రాలలో విద్యుత్ ప్లగ్గులు రెండింటి నల్లతీగలు పక్కపక్కన రాకపోతే మదర్‌బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఈ పొరపాట్లలో కొన్ని యంత్రాన్ని కాలుస్తాయి, కొన్ని ఆపుతాయి. మూడో రకం యంత్రాన్ని నడవనిస్తూనే లిపిని దాచేస్తుంది. చరిత్రకారునికి ముఖ్యమైనది ఇదే.

జిస్ట్ కార్డు, ఇస్కీ సంకేతాలు

ఐఐటీ కాన్పూరులో మొదలైన పరిశోధన, 1988లో ఏర్పడిన పుణె సి-డాక్‌లో జిస్ట్ కార్డుగా విస్తరించింది. దాని వెనుక ఉన్న ఇస్కీ సంకేత విధానం 1991లో ఐఎస్ 13194గా భారతీయ ప్రమాణమైంది. ఇందులో 127 వరకు ఇంగ్లీషు అక్షరాలు, ఆ పైన భారతీయ అక్షరాలు ఉంటాయి. 'క' సంఖ్య 179, 'ఖ' సంఖ్య 180. కార్డు లేని యంత్రమైనా, అమరిక లోపం వల్ల కార్డును గుర్తించని యంత్రమైనా ఈ సంఖ్యలను తన సొంత పట్టికతో చదువుతుంది. ఐబీఎం పట్టికలో 179 ఒక నిలువుగీత, 180 ఎడమకు కొమ్మ ఉన్న నిలువుగీత. తెలుగు వాక్యం పెట్టెగీతల గుంపుగా మారడంతో పత్రం పాడైందన్న భ్రమ కలుగుతుంది. నిజానికి సంఖ్యలు చెక్కుచెదరవు.

మరొక చిక్కు, భారతీయ లిపులన్నిటిలోనూ 'క'కు 179 ఒక్కటే. లిపి ఎంపిక మారితే తెలుగు పత్రం దేవనాగరిలో కనిపించవచ్చు.

ముగింపు

యూనికోడులోని తెలుగు విభాగం 1988 నాటి ఇస్కీ క్రమాన్నే అనుసరించింది. కనుక ఇస్కీ పత్రాలను యూనికోడులోకి మార్చడం చాలావరకు క్రమబద్ధమైన పని. ఫాంటు ఆధారిత డీటీపీ పత్రాలకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. వాటిలో సంఖ్యలు అక్షరాలకు కాక అక్షర రూపాల ముక్కలకు చెందుతాయి.

స్థానిక చరిత్రకు ఆధారాలు రాజధానిలోనే దొరకవు. నర్సీపట్నం వంటి పట్టణాల పాత ముద్రణాలయాలలో, కార్యాలయాలలో ఫ్లాపీలు లభిస్తే, గీతలు చూసి వాటిని పారవేయరాదు. ముందుగా యథాతథంగా నకలు తీసి, 160కి పైబడిన సంఖ్యలను ఇస్కీ పట్టికతో సరిపోల్చాలి. తాళపత్రాన్ని చదివేవారికి లిపి పరిణామం తెలియవలసినట్లే, ఫ్లాపీని చదివేవారికి కార్డు చరిత్ర తెలియాలి.