తులాల్లో కొని, రేకుల్లో అమ్మి

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఒకప్పుడు ఆగకుండా వినిపించే సుత్తి చప్పుడు వరఖ్ చేసేవాళ్లది. ఖీర్ మీద, డబుల్ కా మీఠా మీద, పాన్ మీద అద్దే వెండిరేకు అది. యునానీ హకీములు ఖమీరా అనే లేహ్యాల్లోనూ కలుపుతారు. చిన్న చిన్న వెండి ముక్కల్ని పలుచటి తోలు పొరల మధ్య ఒక్కొక్కటిగా పేర్చి, ఆ కట్టను తోలుసంచిలో బిగించి, రాతి దిమ్మె మీద గంటల తరబడి బాదేవారు. నడుమ నుంచి అంచుల వైపు దెబ్బ జరుగుతూ పోవాలి. ఒకేచోట పడితే రేకు చిరుగుతుంది. ఇంత పలుచన సాధించిన ఈ పనికి మందం కొలిచే సాధనం మాత్రం ఏదీ లేదు. ఉన్నదల్లా తక్కెడ. మందాన్ని తూకంతో పట్టుకోవడం చదువులేని బజారు చేసిన ఉజ్జాయింపు కాదని, పరమాణువుల దాకా తీసుకెళ్లగల అసలైన పొడవు కొలతేనని నా వాదన.

వ్యాపారమే ఈ కొలతను పుట్టించింది. వెండిని తూకం వేసి కొంటారు, వరఖ్‌ను రేకుల లెక్కన అమ్ముతారు. కొన్న తులానికి ఎన్ని రేకులు వస్తే అంత లాభం. కాబట్టి తులానికి రేకుల సంఖ్య చెబితే, రేకు వైశాల్యం తెలిసినవాడికి మందం చెప్పినట్టే. పాత తులం 11.66 గ్రాములు. (ఇప్పటి బజారు తులం 10 గ్రాములే; 1956 నాటి తూనికలు కొలతల చట్టం మెట్రిక్ పద్ధతి తెచ్చినా తులం అనే మాట చావలేదు, బరువు మాత్రం తగ్గింది.) తులానికి 12 మాషాలు, మాషాకు 8 రత్తీలు. రత్తీ అంటే గురివింద గింజెత్తు, 0.12 గ్రాము. ఇప్పుడు ఈ గింజెత్తు వెండిని లెక్కకు తీసుకుందాం. తినే వెండిరేకు చదరపు మీటరుకు 2.8 గ్రాములకు మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నిబంధన పెట్టింది. ఆ లెక్కన రత్తీ వెండి ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు భుజమున్న చతురస్రంగా పరుచుకుంటుంది. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. భాగించి చూస్తే మందం 0.267 మైక్రాన్. వెయ్యితో గుణిస్తే 267 నానోమీటర్లు, ఇంకో పదితో గుణిస్తే 2,670 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ చివరి కొలమానానికి పేరిచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యకాంతి వర్ణపటాన్ని అచ్చు వేయించినప్పుడు, మీటరులో వెయ్యి కోట్లవ వంతును ప్రమాణంగా తీసుకున్నాడు. వెండిలో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరం 2.89 ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే నిబంధన ఒప్పుకునే అతి మందమైన వరఖ్‌లో కూడా ఒకదానిపై ఒకటి నిలబెట్టినట్టు ఊహిస్తే తొమ్మిది వందల పైచిలుకు పరమాణువులే.

తొమ్మిది వందలు ఉన్నప్పుడు దాన్ని పరమాణు స్థాయి అనడం అతిశయం కదా అనొచ్చు. నిజమే, అది ఒకటో రెండో పొరలున్న రేకు కాదు. కానీ కంటికి కనిపించే కాంతిలో అతి పొట్టిదైన ఊదారంగు తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. వరఖ్ అంతకన్నా పలుచన. అక్కడ స్కేలు, కంటిచూపు, మామూలు సూక్ష్మదర్శిని ఏవీ మందాన్ని చెప్పలేవు. తక్కెడ చెబుతుంది. 1857లో మైకేల్ ఫారడే బంగారు రేకుల గుండా కాంతి పోయే తీరును పరిశీలిస్తూ వాటి మందం అంగుళంలో 2,82,000వ వంతు అని చెప్పాడు. రేకుల్ని తూచి కట్టిన లెక్కే అది. ఇప్పటి కొలతలో 90 నానోమీటర్లు. 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించిన వ్యాసంలో పేర్కొన్న బంగారు రేకు మందం 0.00004 సెంటీమీటరు, అంటే 4,000 ఆంగ్‌స్ట్రామ్‌లు. కేంద్రకం ఆచూకీ ఇచ్చిన రేకు మన మిఠాయి మీది రేకు కన్నా మందంగానే ఉంది!

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. తూకం ఇచ్చేది సగటు మాత్రమే. చేత్తో బాదిన రేకు నడుమ ఒకలా, అంచుల్లో ఇంకోలా ఉంటుంది, చిల్లులూ పడతాయి. ఇది కాదనలేం. అందుకే 2,670లో చివరి అంకెలకు పెద్ద విలువ లేదు. ప్రమాణం మార్చినంత మాత్రాన కొలత కచ్చితత్వం పెరగదు. అయితే ఈ లోపం బజారుదే అయితే 2016 నిబంధనదీ అంతే: అదీ మైక్రాన్లలో కాక గ్రాముల్లోనే హద్దు గీసింది. ఇక వరఖ్ చేసేవాళ్లకు పరమాణువు ఊసే తెలియదన్న మాట కూడా ఒప్పుకోవాల్సిందే. అన్నీ మనకు ముందే తెలుసని చెప్పుకునే ధోరణికి ఇక్కడ చోటు లేదు. వాళ్లకు తెలిసింది తులానికి ఎన్ని రేకులు రావాలో. ఆ సంఖ్యలో పొడవు దాగి ఉంది. దాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలోకి మార్చడానికి కావలసింది రేకు వైశాల్యం, వెండి సాంద్రత మాత్రమే.

అదే 2016 నిబంధన జంతు పదార్థాల వాడకాన్ని తయారీలో ఏ దశలోనూ ఒప్పుకోలేదు. వెండి వెయ్యికి 999 పాళ్లు స్వచ్ఛంగా ఉండాలంది. దాంతో తోలు పొరల మీద బతికిన పాత పద్ధతికి దారి మూసుకుంది. మందం విషయంలో మాత్రం అది పైహద్దే చెప్పింది, కింది హద్దు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా: వెండి తూకానికి దొరికి రేకు లెక్కన అమ్ముడుపోయినంత కాలం, చిరిగేదాకా పలుచన చేయడమే అమ్మేవాడికి గిట్టుబాటు.