పాదరీలు, ఫౌజు, మన దక్కను

మన మొహల్లాల్లో నలుగురు పెద్దలు కూర్చున్నచోట పాదరీల మాట వస్తే తీర్పు అప్పుడే అయిపోతుంది. "ముందు పాదరీ వచ్చినాడు, వెనక ఫౌజు వచ్చింది" అంటారు. క్లాసులో పిల్లలు అడిగితే మేము కూడా ఔనని తప్పించుకోవచ్చు. కాని తారీఖు తెరిచి చూస్తే మన దగ్గర వరస తలకిందులుగా ఉన్నది.

హైదరాబాదుకు ముందు వచ్చింది ఫౌజే. 1798 ఒడంబడికతో కంపెనీ పటాలం ఇక్కడ కాలు నిలిపింది. 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదు ఛావనీ ఏర్పడింది. మొదటి పాదరీలు ఆ గోరా సిపాయిలకు నమాజు చేయించడానికి వచ్చినవారే, మనకు బోధించడానికి కాదు. అసలు కంపెనీకి మిషనరీలంటే గిట్టేది కాదు. మతం కదిలిస్తే వ్యాపారం చెడుతుందని వారి భయం. 1806లో వేలూరులో సిపాయిలు తిరగబడ్డప్పుడు ఆ భయం ఇంకా పెరిగింది. 1813 చార్టరు చట్టం వచ్చేదాకా లండన్ నుంచి వచ్చే మిషనరీలకు తలుపు సరిగా తెరుచుకోలేదు. 1805లోనే విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ వంటి వారు కొద్దిమందే.

ఐతే రాజ్యానికీ, మిషనుకూ సంబంధం లేదంటామా? అనము. పాదరీ వెనక తుపాకి లేకపోయినా, తుపాకి నీడ ఉండేది. మన రియాసతులో యూరోపియను మీద కేసు వస్తే తీర్పు రెసిడెంటు చేతిలోనే ఉండేది. ఆ ధైర్యంతో మాట్లాడే మనిషికీ, మన బజారులో మాట్లాడే మౌల్వీకీ సమానత ఎక్కడిది?

ఆ సమానత లేకుండానే నిలబడ్డవారు మనలో ఉన్నారు. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో రెండు రోజులు మునాజరా జరిగింది. ఒకవైపు జర్మన్ పాదరీ ఫాండర్, ఇంకొకవైపు మౌలానా రహమతుల్లా కైరానవీ, ఆయనకు తోడు డాక్టర్ వజీర్ ఖాన్. ఇంగ్రేజు అధికారులు కూడా కూర్చొని విన్నారు. మా దృష్టిలో గొప్ప సంగతి ఇది: వజీర్ ఖాన్ వైద్యం చదివినవాడు, ఇంగ్రేజీ వచ్చినవాడు. యూరపు పండితులే ఇంజీలు పాఠాల మీద రాసిన విమర్శలు చదివి, వారి పుస్తకాలతోనే వారికి జవాబు చెప్పినారు. కొన్నిచోట్ల పాఠభేదాలు ఉన్నవని ఫాండర్ ఒప్పుకోక తప్పలేదు. మూడేళ్లకు 1857 వచ్చింది. కైరానవీ ఆస్తి జప్తు అయింది, ఆయన మక్కా చేరినారు. అక్కడ ఆయన పెట్టిన మదర్సా సౌలతియా నేటికీ ఉన్నది. వాదంలో గెలిచిన మనిషి ఇల్లు రాజ్యం చేతిలో పోయింది. ఆ నీడ అంటే ఇదే.

ఇక మరో వైపు. మన ఉర్దూకు పాదరీలు చేసిన సేవ మరవరాదు. మద్రాసులో ఉండి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్, హిందుస్తానీకి లాటిన్‌లో వ్యాకరణం రాస్తే 1745లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. హెన్రీ మార్టిన్ మీర్జా ఫిత్రత్ సాయంతో ఇంజీలును ఉర్దూలోకి తెచ్చినాడు. ఆయన పేరున్న ఇన్‌స్టిట్యూట్ నేడు మన నగరంలోనే ఉన్నది.

తెలుగు దేశంలో వారిని ఎక్కువగా నమ్మింది మాలమాదిగలు. 1876-78 కరువులో ఒంగోలు పాదరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో కొంత పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపినాడు. కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చిన ఈమాను ఈమాను కాదని ఆయనకూ తెలుసు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చినారు. పైగా ఆయన ఇంగ్రేజు కాదు, అమెరికా వాడు. మన రియాసతులో చూస్తే మెదక్‌లో పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిన చర్చి 1924 క్రిస్మసు నాటికి పూర్తయింది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగులకు ఆసుపత్రి నడిపింది. కుష్ఠురోగిని ముట్టుకునేవాడు ఆనాడు ఎవడు? దేవిడీల్లో ముషాయిరాలు జరుగుతున్న కాలమది. ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉన్నది.

కడకు ఆ మిషను బిడ్డలే దొరతనాన్ని ప్రశ్నించినారు. తిరునల్వేలి నుంచి మన రియాసతులోని డోర్నకల్‌కు వచ్చిన అజరయ్యగారు 1910లో ఎడింబరో సభలో, తెల్లవారి ఎదుటనే, మాకు మీ దయ కాదు స్నేహం కావాలన్న భావంతో మాట్లాడినారు. 1912లో బిషప్పు అయినారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి హిందుస్తానీ ఆయనే. ఆయన కట్టించిన చర్చి 1939లో ప్రతిష్ఠ అయింది. దానిలో గుడి స్తంభాలూ ఉన్నవి, మసీదు గుమ్మటాల పోలికా ఉన్నది. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు డోర్నకల్‌లో ఆగుతుంది. పిల్లలతో పోయేవారు ఒక బండి వదిలి ఇంకో బండికి పోతే చూసి రావచ్చు.