పల్లె ప్రజలు - ఆరోగ్య కేంద్రములు

వైద్యశాలను నిర్మించుట ఒక పని; ప్రజలు దానిని వాడుకొనుట మరియొక పని. ఈ రెంటికిని గల అంతరమును గుంటూరు, ప్రకాశం జిల్లాల చరిత్ర చక్కగా తెలుపుచున్నది.

1883లో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరు వచ్చినారు. ఆ కాలమున చాలమంది స్త్రీలు పురుష వైద్యునికి చేయి చూపుటకు సమ్మతించెడివారు కారు. కాన్పులు మంత్రసాని చేతిమీదుగా ఇంటనే జరిగెడివి. కుగ్లర్ ఇండ్లకు వెళ్ళి వైద్యము చేసి, నమ్మకము సంపాదించి, 1898లో ఆస్పత్రి తెరచినారు. ఆమె వైద్యమువలన మేలు పొందిన ఏలూరు రాజా ఆ ఆస్పత్రి కెదురుగా సత్రము కట్టించినారు. రోగుల వెంట వచ్చు బంధువులకు దానివలన బస దొరికినది.

1946లో సర్ జోసెఫ్ భోర్ సంఘము, తొలి దశలో 40 వేల జనాభాకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము కావలెనని సూచించినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట, బ్లాకుకొకటి చొప్పున కేంద్రములు ఏర్పడసాగినవి. కాని ఒక్కొక్క బ్లాకులో సుమారు నూరు గ్రామములుండెను. కేంద్రమున్న ఊరివారికి అది అందుబాటు. దూరపు ఊళ్ళవారికి కాదు. వానకాలమున నల్లరేగడి బాటలో బండి చక్రము దిగబడిన, ప్రయాణమే ఆగిపోవును.

సేద్యపు పద్ధతియు ఒక కారణమే. పత్తి తీతకు, మిరప కోతకు కూలీలు ప్రొద్దుననే చేలకు పోవుదురు. కేంద్రములలో రోగులను ముఖ్యముగా చూచునదియు ఆ పూటనే. మందు ఉచితమే, కాని దానికై వెళ్ళినచో ఆనాటి కూలి పోవును, తోడు వచ్చినవారి కూలియు పోవును. సాయంకాలము ఇంటికే వచ్చి సూది వేసి, పంట చేతికందిన పిదప డబ్బు తీసికొను ఊరి వైద్యుడు, తగిన శిక్షణ లేనివాడైనను, వారికి చౌకగా తోచును. ఈలోపల వ్యాధి ముదిరి, ప్రాణము మీదికి వచ్చినప్పుడు మాత్రమే ఆస్పత్రికి పరుగెత్తవలసి వచ్చును.

కాలక్రమమున మైదాన ప్రాంతములకు 30 వేల మందికొక కేంద్రము, 5 వేల మందికొక ఉపకేంద్రము అను ప్రమాణము ఏర్పడినది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊరి స్త్రీనే ఆశా కార్యకర్తగా నియమించినది. గర్భిణికి తోడుగా ఆస్పత్రికి పోవుట ఆమె విధులలో ఒకటి. కుగ్లర్ ఇల్లిల్లు తిరిగి సంపాదించిన నమ్మకము నేటికిని అవసరమే.

తమ ఊరికి ఆరోగ్య కేంద్రమెంత దూరమో విద్యార్థులు లెక్కించునప్పుడు, కిలోమీటర్లతో పాటు బస్సు వేళను, పోవు కూలిని, అచ్చట వైద్యురాలుండు దినములను కూడ వ్రాసికొన్నచో అసలు దూరము తెలియును.