జల్లెడ అంకె, జల్లెడ పరీక్ష: చమురు బావుల బురదశుద్ధి పరికరాల తనిఖీ చరిత్ర

వ్యాస సంగ్రహం: చమురు తవ్వకంలో వాడే బురద నుంచి రాతిపొడిని వేరుచేసే పరికరాలను దీర్ఘకాలం తయారీదారు చెప్పిన అంకెను బట్టే ఎంచుకున్నారు. ఆ అంకె స్థానంలో కొలిచి నిరూపించే పరీక్ష ఎలా వచ్చిందో, కృష్ణా–గోదావరి బేసిన్‌కు దాని ప్రాధాన్యం ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తవ్వకపు బురద, కంపన జల్లెడ, ముగ్గురాయి, డి100, కృష్ణా–గోదావరి బేసిన్.

1. ఉపోద్ఘాతం

హఫీజ్‌పేట్ దాటి ముంబయి రహదారిపై పడమరగా వెళ్తే రామచంద్రాపురం వస్తుంది. అక్కడి భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం టర్బైన్లతో పాటు చమురు తవ్వక రిగ్గులనూ తయారుచేసింది. ఇటీవలి కాలంలో ఓఎన్‌జీసీకి 47 రిగ్గులు సరఫరా చేసే బాధ్యత హైదరాబాదుకే చెందిన మేఘా సంస్థకు దక్కింది. రిగ్గు అనగానే ఎత్తయిన ఉక్కు గోపురం గుర్తుకొస్తుంది. దాని పక్కనే బురదను శుద్ధిచేసే పరికరాల వరుస ఉంటుంది. బావి భద్రత కొంతవరకు ఆ వరుసపైనా ఆధారపడుతుంది.

2. బురద, ముగ్గురాయి

తవ్వకపు గొట్టం గుండా దిగిన బురద రాతిముక్కలను పైకి మోసుకొస్తుంది. తన బరువుతో భూగర్భ ఒత్తిడిని అదుపులో ఉంచుతుంది. అధిక పీడనపు పొరలున్న చోట బురదకు బరువు చేర్చడానికి ముగ్గురాయి పొడి కలుపుతారు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట గనులు ఈ ఖనిజానికి ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి బావి చూపింది. ఆ మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ ప్రమాదాన్ని శుద్ధి పరికరాలకు ఆపాదించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. బురద బరువు ఎంత కీలకమో చెప్పడానికే ఈ ప్రస్తావన.

ముగ్గురాయి సాంద్రత సుమారు 4.2, సాధారణ రాతిపొడిది సుమారు 2.6. రెండూ బురద బరువును పెంచేవే. అందువల్ల బురద త్రాసు ఒక్కటే చూస్తే ఏది ఎంత ఉందో తెలియదు. రాతిపొడి పేరుకుంటే బురద చిక్కబడుతుంది, తవ్వకం మందగిస్తుంది, గొట్టం బావిగోడకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది.

3. పరికరాల పరిణామం

తొలినాళ్లలో బురదను గుంటల్లో నిలిపి తేర్చేవారు. 1930లలో గనుల పరిశ్రమ నుంచి కంపన జల్లెడ వచ్చింది. 1891లోనే పేటెంటు పొందిన హైడ్రోసైక్లోన్ 1950ల తరువాత ఇసుకను, ఒండ్రును తీసే శంకువులుగా రిగ్గులపైకి చేరింది. అయితే ఒండ్రు తీసే శంకువు సన్నని రాతిపొడితో పాటు ముగ్గురాయినీ బయటకు నెట్టేస్తుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి 1970ల ఆరంభంలో శంకువుల కింద సన్నని జల్లెడను అమర్చిన మడ్ క్లీనర్ వచ్చింది.

4. అంకె నుంచి పరీక్షకు

జల్లెడను చాలాకాలం ‘మెష్’ అంకెతోనే గుర్తించారు. అంగుళానికి ఎన్ని కన్నులున్నాయో ఆ అంకె చెబుతుంది. తీగ మందం చెప్పదు కనుక కన్ను వెడల్పూ తెలియదు. ఒకే అంకె గల రెండు జల్లెడలు వేర్వేరు పరిమాణాల రేణువులను ఆపగలవు. పొరలు పొరలుగా అతికిన జల్లెడలు వచ్చాక ఆ అంకెకు అర్థమే సన్నగిల్లింది.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2004లో వెలువరించిన ఆర్‌పి 13సి మూడవ కూర్పు ఈ చిక్కును భౌతిక పరీక్షతో విడదీసింది. పరీక్షించవలసిన జల్లెడ ముక్కను ప్రామాణిక జల్లెడల నడుమ పేర్చి, అల్యూమినియం ఆక్సైడ్ పొడి వేసి కుదుపుతారు. ఏ పరిమాణానికి మించిన రేణువులన్నీ నిలిచిపోతాయో ఆ పరిమాణమే డి100. ఫలితాన్ని జల్లెడకు అంటించే చీటీపై మైక్రాన్లలో ముద్రించాలి.

ఈ కొలతకూ మంగంపేట పొడికీ నేరుగా సంబంధం ఉంది. తవ్వకానికి వాడే ముగ్గురాయిలో 75 మైక్రాన్లు మించిన రేణువులు 3 శాతం దాటరాదన్నది ప్రమాణం. జల్లెడ చీటీలో చెప్పినదానికంటే సన్ననిదైతే ముగ్గురాయి వృథాగా పోతుంది. ముతకదైతే రాతిపొడి తిరిగి బావిలోకి వెళ్తుంది.

5. క్షేత్రస్థాయి తనిఖీ

ప్రయోగశాల పరీక్షతో పని ముగియదు. జల్లెడ చిరుగులు, బిగువు, అంచుల అతుకులు రిగ్గుపైనే చూడాలి. శంకువు అడుగు నుంచి మడ్డి గొడుగులా విచ్చుకుని పడితే అది సక్రమంగా పనిచేస్తున్నట్టు. తాడులా పడితే దానిపై భారం ఎక్కువైనట్టు. శంకువుకు చేరే ఒత్తిడి 75 అడుగుల బురద స్తంభానికి సమానంగా ఉండాలి. గాలనుకు 10 పౌండ్ల బురదకు అది దాదాపు 40 పీఎస్‌ఐ. గాజుగొట్టంలో ఇసుక శాతాన్ని, రిటార్టులో మొత్తం ఘనపదార్థాన్ని కొలుస్తారు. రిటార్టు ఫలితాన్ని బురద బరువుతో కలిపి లెక్కిస్తేనే రాతిపొడి వాటా తేలుతుంది.

వేరుచేసిన రాతిపొడి ఎటు పోవాలన్నదీ తనిఖీలో భాగమే. 2005 ఆగస్టు 30 నాటి కేంద్ర పర్యావరణ నిబంధనలు దానిని కడగాలనీ, నీరింకని పొర పరచిన గుంటల్లో వేయాలనీ నిర్దేశించాయి. వరిచేలు, కొబ్బరితోటల నడుమ బావులున్న కోనసీమకు ఇది నీటి సమస్య కూడా.

6. ముగింపు

ఈ చరిత్రలో కొత్త యంత్రాల రాక ఒక పార్శ్వం మాత్రమే. తయారీదారు మాటను నమ్మడం నుంచి ఎవరైనా మళ్లీ చేసి చూడగల పరీక్షను నమ్మడం వైపు జరిగిన మార్పు దానికంటే ముఖ్యమైనది. తెలుగునేల ముగ్గురాయిని తవ్వింది, రిగ్గులను నిర్మించింది, బావి మంటలనూ చూసింది. కాబట్టి ఇక్కడి పారిశ్రామిక చరిత్ర రచనలో ఉత్పత్తి లెక్కలతో పాటు తనిఖీ పద్ధతులకూ చోటు దక్కాలి.