బోరు తోడిన నీటికి లెక్క: కొలత పద్ధతుల తులనాత్మక పరిశీలన

దేశంలో ఏటా తోడుతున్న భూగర్భజలం సుమారు 241 బిలియన్ ఘనపు మీటర్లని 2023లో కేంద్ర భూగర్భజల మండలి లెక్కగట్టింది. టీఎంసీల్లో చెబితే దాదాపు 8,500. అందులో 87 శాతం సాగుకే. ఇంత పెద్ద అంకె వెనక మీటరు పెట్టి కొలిచిన బోర్లు బహు కొద్ది, తక్కినదంతా అంచనా. బోర్ల మీదే బతికే తెలంగాణ, రాయలసీమ రాతినేలల్లో ఆ అంచనా ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తేల్చుకోవడం అత్యవసరం.

అన్నిటికన్నా సులువైనది డ్రమ్ము పద్ధతి. 200 లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండితే బోరు సెకనుకు రెండు లీటర్లు పోస్తున్నట్టు. ఏడు గంటలు మోటారు నడిస్తే 50,400 లీటర్లు. ఖర్చు లేదు, చదువుతో పనిలేదు. ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో బోరు పోతను, నీటిమట్టాన్ని రైతులే కొలిచి పుస్తకాల్లో రాసుకున్నారు. రబీలో ఏ పంట ఎంత వేయాలో ఆ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకున్నారు. కొలత కొలిచినవాడికే పనికొచ్చిన అరుదైన సందర్భమది.

అయితే ఎప్పుడు కొలిచామన్నది ఇక్కడ కీలకం. రాతి పగుళ్ళలో నీరు కొద్దిగానే ఉంటుంది కాబట్టి, మోటారు వేసిన కాసేపటికే పోత తగ్గుతుంది. మొదటి పది నిమిషాల్లో సెకనుకు మూడు లీటర్లు పోసిన బోరు గంట తర్వాత ఒకటిన్నర లీటరుకు పడిపోయిందనుకుందాం. మొదటి కొలతనే రోజంతటికీ వర్తింపజేస్తే లెక్క ఇంచుమించు రెట్టింపవుతుంది.

బోరు వేసేటప్పుడు వాడే వి-నాచ్ రేకుకు ఇంకో చిక్కుంది. 90 డిగ్రీల కోణంలో కోసిన ఆ గంటు మీదుగా నీరు పది సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, అయిదు సెంటీమీటర్లయితే 0.8 లీటరు కూడా ఉండదు. ఎత్తు సగమైతే నీరు ఆరో వంతుకు దగ్గరవుతుందన్నమాట. పదికి బదులు పదకొండు సెంటీమీటర్లని చదివితే చాలు, ఫలితం 27 శాతం పెరుగుతుంది.

పైపుకు బిగించే ప్రవాహ మీటరు కాగితం మీద వీటన్నిటికన్నా మెరుగు. కానీ దానికి పైపు నిండుగా పారాలి, మీటరుకు ముందూ వెనకా తిన్నని పైపు తగినంత ఉండాలి. మన పొలాల్లో బోరు మీద ఒక వంపు, ఆ వెంటనే కాలువ. పైపు సగమే నిండి, నీరు ఆగి ఆగి పోసే చోట ఖరీదైన మీటరు కూడా సరిగా చెప్పలేదు. ఇసుక వస్తే మీటరులో తిరిగే రెక్కలు అరిగిపోతాయి.

అందుకే చాలామంది చూపు కరెంటు మీద పడింది. ఎన్ని యూనిట్లు కాలితే ఎంత నీరు వచ్చిందో ఒకసారి కొలిచి, ఆ నిష్పత్తితో ఏడాది మొత్తాన్నీ లెక్కించడం ఈ పద్ధతి. అమెరికాలో ఆర్కాన్సా నది నీటి విషయమై కాన్సస్ రాష్ట్రం 1985లో కొలరాడో మీద దావా వేసింది. బావుల తోడకం వల్ల రెండు రాష్ట్రాల ఒప్పందం ఉల్లంఘన జరిగిందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. కొలరాడో చివరికి 3.4 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. ఆ వివాదం నడుస్తుండగానే కొలరాడోలో బావుల కొలత తప్పనిసరైంది: ప్రవాహ మీటరైనా పెట్టాలి, లేదా పరీక్షించి తేల్చిన విద్యుత్ నిష్పత్తినైనా వాడాలి. ఈ రెండు పద్ధతులనూ అమెరికా భూగర్భ సర్వే సంస్థ అవే బావుల మీద పక్కపక్కన పెట్టి పోల్చి చూసింది.

ఆ నిష్పత్తిని మన రాతినేలకు యథాతథంగా తెచ్చుకోవడం ప్రమాదం. వెయ్యి లీటర్ల నీటిని 40 మీటర్లు ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం 0.11 యూనిట్లు చాలు. మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో నడిస్తే 0.27 యూనిట్లు కావాలి. అంటే యూనిట్‌కు 3,670 లీటర్లు. నీరు 80 మీటర్లకు దిగితే, సామర్థ్యం మారకపోయినా, అదే యూనిట్‌కు వచ్చేది 1,835 లీటర్లే. వానల తర్వాత అక్టోబరులో కట్టిన నిష్పత్తిని ఏప్రిల్లోనూ వాడితే, బోర్లు ఎండుతున్న నెలల్లోనే కాగితం మీద తోడకం రెట్టింపు కనిపిస్తుంది. తప్పు ఎటు మొగ్గుతుందో ముందే తెలుసు కాబట్టి దీన్ని సవరించవచ్చు. సవరించకుండా వదిలేయడమే అభ్యంతరకరం.

పైగా ఇక్కడ యూనిట్ల లెక్కే అంచనా. 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు అమలవుతోంది. పంపుసెట్లలో అత్యధికం మీటరు లేనివే. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ నమూనా నుంచి పంపిణీ సంస్థలు మొత్తం వాడకాన్ని ఊహిస్తాయి. సరఫరా గంటలనే మోటారు నడిచిన గంటలుగా తీసుకునే పద్ధతికి, 2018 జనవరి 1న తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆధారం పోయింది. మీటరంటే రేపు బిల్లు వస్తుందన్న రైతు భయాన్ని కొట్టిపారేయకూడదు. నీటి పరిశోధన కోసం పెట్టే మీటరును బిల్లుతో ముడిపెట్టబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మండలాల వారీ అధికారిక అంచనాలకు ఆధారం భూగర్భజల వనరుల అంచనా కమిటీ (జీఈసీ) 2015 నాటి పద్ధతి. బావుల సంఖ్యను ఒక్కో బావి సగటు తోడకంతో హెచ్చవేయడం, పంటల నీటి అవసరం, విద్యుత్ వాడకం అనే మూడు దారులు అందులో ఉన్నాయి. మొదటిదానిలో ఎండిన బోర్లు లెక్కలో మిగిలిపోతాయి, నమోదు కాని కొత్తవి జారిపోతాయి. రెండోదానిలో చిక్కు మరింత లోతైనది. హైదరాబాదుకు దక్షిణాన, 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో భారత, ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు. ఏడువందలకు పైగా బోర్లున్న చోటది. అక్కడ వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం మళ్ళీ నేలలోకే ఇంకుతోందని వారు తేల్చారు. కాబట్టి తోడిన నీరు వేరు, పంట తాగేసిన నీరు వేరు, భూమి నిజంగా పోగొట్టుకున్న నీరు వేరు.

ఉపగ్రహాలు చూసేది ఈ మూడోదాన్నే. 2002లో ఎగిరిన గ్రేస్ జంట, 2008 వరకు ఆరేళ్ళలో వాయవ్య భారతం 109 ఘనపు కిలోమీటర్ల నీటిని కోల్పోయిందని చూపించింది. లక్షల చదరపు కిలోమీటర్లకు పనికొచ్చే ఆ చూపు ఒక మండలానికి ఆనదు.

ఏ పద్ధతి ఎంత శాతం తప్పుతుందని పోల్చడం కన్నా, ఏది దేన్ని కొలుస్తోందని ముందు అడగాలి. రాతినేలకు సరిపడేది జోడింపే: ప్రతి మండలంలో కొన్ని బోర్లకు మోటారు నడిచిన గంటలు లెక్కించే మీటరు, అవే బోర్ల దగ్గర అక్టోబరులోనూ మార్చిలోనూ మోటారు వేసి గంట గడిచాక డ్రమ్ముతో కొలత, పక్కనే నీటిమట్టం నమోదు. నమూనాలో బాగా పోసే బోర్లే ఉంటే చాలదు. ఆగి ఆగి పోసేవి, మార్చి నాటికి నిలిచిపోయేవి కూడా వాటి సంఖ్యకు తగ్గట్టు అందులో ఉండాలి.